అరెకరం గుంటగలగర

జూలై 9, 1979

ఈ ఉదయం అవనిగడ్డ బస్సులో కండక్టరు చెవి మీద పెన్సిలుకు బదులు గడ్డిచామంతి కాడ ఉంది. చల్లపల్లి దగ్గర టిక్కెట్టు రాయడానికి దాన్నే తీశాడు. ఒక క్షణం చూసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకుని, ముందు సీటాయన పెన్ను అడిగాడు. రేకులు ఐదు. ఒక్కో రేకు చివర మూడు పళ్ళు.

ఉద్యోగంలో చేరాను. 'కలుపు నిర్మూలన ప్రత్యేక విభాగం, శిబిర కార్యాలయం.' ఒక గది, రెండు కుర్చీలు, ఒక జీపు. జీపు నడిపేది జకరయ్య. ప్రత్యేకాధికారి దైవాధీనం గారు. ఆయన ఇంతకుముందు ఎనిమిదేళ్ళు ఎలుకల నిర్మూలనలో పనిచేశారట. నా సర్టిఫికెట్లు తిరగేసి, "బోటనీ. బాగుంది. కాన్వెంటు. ఇంకా బాగుంది," అని అసలు సంగతికి వచ్చారు.

"ఎలుకను చంపితే తోక తెచ్చి చూపించేవాళ్ళమ్మాయ్. తోక వచ్చిందంటే ఎలుక పోయినట్టే. మరి ఈ మొక్కకు తోకలాంటిదేముంది?"

ఆలోచించాను. "వేరు ఉందండి."

"వేరు అన్ని మొక్కలకూ ఉంటుంది గదా?"

"అవునండి."

"తోక కూడా అన్ని ఎలుకలకూ ఉంటుందిలే," అని 'వేరు' అని రాసుకున్నారు.

పరాయి దేశపు గోధుమలతో వచ్చిన మొక్క. గుడివాడ వైపు రైలు కట్టల మీద మొలిచిందని విన్నారట. ఉప్పెన తర్వాత దివిసీమకు సాయంగా పంపిన గోధుమలతో ఇక్కడికీ వచ్చి ఉండాలని పైవాళ్ళ అనుమానం. వచ్చి ఉంటే వెతికి చంపడం మా పని. నా ఉద్యోగం ఆరు నెలలు. మొక్క ఉంటే పొడిగిస్తారు. లేకపోతే లేదు.

దాని పేరు ఆడవాళ్ళను ఏడిపించడానికి పెట్టినట్టుంటుంది. నేను నలుగురిలో పలకలేను. 'ఆ మొక్క' అంటాను. దైవాధీనం గారికి అలాంటి ఇబ్బంది లేదు. సాయంత్రం నేను బస్టాండులో ఉంటే కాలవ అవతలి గట్టు నుంచి, "అమ్మాయ్, వయ్యారిభామ ఎక్కడన్నా కనపడిందా?" అని అరిచారు. బస్టాండంతా తిరిగి నన్ను చూసింది.

జూలై 11

ఆరు ఊళ్ళు తిరిగాం. లేదు.

కనిపించినవి: గడ్డిచామంతి, సహదేవి, గుంటగలగర, పచ్చపూల గుంటగలగర, బోడతరం. అన్నీ ఒకే కుటుంబం. ఈ కుటుంబంలో పువ్వు అనుకునేది పువ్వు కాదనీ, పదుల కొద్దీ చిన్న పూలు ఒకే గిన్నెలో సర్దుకుని కూర్చున్న గుంపనీ సిస్టర్ క్లేర్ చెప్పినప్పుడు నాకు పదమూడేళ్ళు. ఆ రోజంతా చాలా సంతోషంగా ఉన్నాను. గుంపులో ఉండి కూడా ఒక్కరిలా కనిపించవచ్చన్నమాట.

ఆ మొక్క వివరణ నాకు కంఠతా వచ్చు. ఆకు చీలికలు చీలికలుగా మాచిపత్రిలా ఉంటుంది. కొమ్మకు ఒక వైపు ఒకటి, మరో వైపు ఒకటి వస్తుంది. పువ్వు తెలుపు, అయిదు మూలలు. నిటారుగా నడుము ఎత్తు పెరుగుతుంది. గుంటగలగరకు చీలికలు ఉండవు. ఆకులు ఎదురెదురుగా వస్తాయి. నేల మీద పాకుతుంది. దానికీ పువ్వు తెలుపే. పోలిక అంతవరకే.

'లేదు' అని నివేదిక రాశాను. దైవాధీనం గారు చదివి, "మొక్క లేదని మనం రాస్తే, మనం లేమని వాళ్ళు రాస్తారు," అన్నారు. కాగితం తిరిగి ఇచ్చారు.

జూలై 12

ఇవాళ కూడా లేదు.

జూలై 16

కొత్తపాలెం వెళ్ళాం. చేపలు పట్టేవాళ్ళ ఊరు. సముద్రం కనిపించదు, వినిపిస్తుంది.

ఊరి చివర పెద్దింట్లమ్మ అనే ఆమెకు అరెకరం పట్టా భూమి ఉంది. ఎండుచేపలు అమ్ముతుంది. ఇంట్లో ఒక్కతే. ఉప్పెనకు ముందు ఎంతమంది అని నేను అడగలేదు. అల వచ్చినప్పుడు ఆ పొలంలో సముద్రం నాలుగు రోజులు నిలబడిందట. వెళ్ళిపోయాక ఉప్పు తెల్లగా పేరుకుందట.

"పోయినేడు మట్టి నాలిక మీద పెట్టుకుంటే కక్కొచ్చింది తల్లీ," అంది. "ఈ యేడు కాలవ నీళ్ళు రెండుసార్లు పెట్టి కడిగి, మొన్న జ్యేష్ఠంలో మళ్ళీ పెట్టుకున్నా. చప్పగా ఉంది. మింగేశా."

మింగిన మర్నాడే నారు పోసింది. పొలంలో మెరక మూల ఆ మడి పచ్చగా, జానెడు కూడా లేదు. మిగతా చేనంతా తడిగా, ఖాళీగా ఉంది. ఆ ఖాళీ నిండా, గట్ల మీదా గుంటగలగర తెల్లగా పూసింది. ఉప్పు పోయిన నేలలో మొదట అదే వచ్చిందట. తల నూనెకు కోసి అవనిగడ్డలో అమ్ముతుంది కూడా. నాట్లు వేసే ముందు దమ్ములో తొక్కేస్తుందట. ఈ అరెకరం ఈసారి పండితేనే మళ్ళీ వ్యవసాయం. లేకపోతే చేపల గంప ఒక్కటే, మోకాళ్ళు ఒప్పుకున్నన్నాళ్ళు.

దైవాధీనం గారు జీపు దిగారు. చేతిలో సర్క్యులరు. దాని మీద బొమ్మ సైక్లోస్టైల్ మిషన్లో పడి సిరా మరక అయిపోయింది. కింద 'తెల్లని చిన్న పూవులు' అన్న మాట మాత్రం చదవవచ్చు. ఆయన చేను చూశారు, మరక చూశారు, ముఖం వెలిగిపోయింది.

"ఇదేనా అమ్మాయ్? వయ్యారిభామ?"

చుట్టూ ఇరవై మంది మగవాళ్ళు. అందరూ నన్నే చూస్తున్నారు.

తల ఊపాను.

జూలై 16, మళ్ళీ

నేను ఏమీ అనలేదు. ఒక్క మాట కూడా అనలేదు. ముఖం మీద ఈగ వాలింది, దాన్ని తోలడానికి తల కదిలింది. ఆ కదలికను ఎవరు ఎలా అర్థం చేసుకున్నా అది వాళ్ళ సంగతి.

ఈగ ఉన్నమాట నిజం.

జూలై 17

హైదరాబాదుకు టెలిగ్రాం వెళ్ళింది. 'వయ్యారిభామ కొత్తపాలెంలో దొరికినది.' పోస్టుమాస్టరు రెండుసార్లు చదువుకుని, పోలీసులకు కూడా ఒక కాపీ ఇవ్వాలా అని అడిగారట.

దైవాధీనం గారు అందరికీ టీ తెప్పించారు. "మజీదా లేకపోతే మనకు కళ్ళు లేవు," అన్నారు నన్ను చూపించి. సర్క్యులరులో నివారణ పద్ధతి కూడా ఉంది. అయిదు పాళ్ళ నీళ్ళలో ఒక పాలు ఉప్పు కలిపి పొలమంతా పిచికారీ చేయాలి.

ఉప్పు.

రెండుసార్లు చదివాను. ఉప్పే.

ప్రదర్శన క్షేత్రంగా ఆ అరెకరాన్ని ఎంచుకున్నారు. ఆగస్టు 13న ప్రారంభోత్సవం. హైదరాబాదు నుంచి పెద్ద అధికారి వచ్చి మొదటి పిచికారీ తన చేత్తో చేస్తారు.

రేపు చెబుతాను. గుంటగలగర అని ఒక్క మాట చెబితే చాలు.

జూలై 18

జలుబు చేసింది.

జూలై 22

బందరు వచ్చాను. ఆదివారం కూడా మా అబ్బా చిలకలపూడి నుంచి పని ఇంటికి తెచ్చుకున్నాడు. రోల్డు గోల్డు గాజులకు మెరుగు పెడుతున్నాడు. ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు నాలుగు గాజులు తెచ్చి, "ఇవి బంగారమేనా కాలేషా గారూ?" అని అడిగారు. ఒకామె అడుగుతూనే ఏడుస్తోంది. అబ్బా లోపలి అంచు గీకి చూసి, "కాదమ్మా, గిల్టు," అన్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

"కొంచెం మెల్లగా చెప్పాల్సింది అబ్బా," అన్నాను.

"మెల్లగా అంటే?"

"ఏమో. తల ఊపి ఊరుకోవచ్చు."

"బంగారమా అని అడిగినవాళ్ళకి తల ఊపకూడదు బేటా," అన్నాడు గాజును దీపం మీద తిప్పుతూ. "నోటితో చెప్పాలి. తల ఊపితే వాళ్ళకి కావలసిందే చూసుకుంటారు."

భోజనం చేసి పడుకున్నాను. చేపల పులుసు బాగుంది.

జూలై 24

చీటీ రాశాను. 'అయ్యా, 16వ తేదీన చూసిన మొక్క విషయమై చిన్న సవరణ.' దైవాధీనం గారి ఫైలు మీద పెట్టాను. ఆయన వచ్చి దాని మీద టీ గ్లాసు పెట్టారు. సాయంత్రానికి 'చిన్న' అన్న మాట ఒక్కటే మిగిలింది.

రేపు చెబుతాను.

జూలై 25

చెప్పలేదు.

జూలై 28

ఉప్పు లారీ వచ్చింది. పన్నెండు బస్తాలు. బందరు దగ్గర ఉప్పు మళ్ళలో తయారై, లారీ ఎక్కి గుడివాడ గోడౌనుకు వెళ్ళి, అక్కడ ముద్ర వేయించుకుని, మళ్ళీ ఇక్కడికి వచ్చింది. సముద్రం పక్క ఊరికి గుడివాడ నుంచి ఉప్పు.

వాన పడుతోంది. కొత్తపాలెంలో కప్పు గట్టిగా ఉన్నది పెద్దింట్లమ్మ పాక ఒక్కటే. బస్తాలు అందులోనే దించారు. ఆమె వాకిట్లో నిలబడి ఒక్కో బస్తాకూ దారి ఇస్తోంది.

"ఇన్నాళ్ళకి సర్కారోళ్ళకి మా చేపలు గుర్తుకొచ్చినయ్యా తల్లీ?"

నేను బస్తాలు చూశాను.

"ఉప్పు లేక పోయినవారం గంపెడు చేపలు పురుగు పట్టినయ్. ఇది చేపలకేగా? వాడుకోమంటావా?"

నేను తల ఊపాను.

ఈసారి ఈగ లేదు.

ఆగస్టు 1

పొలం చుట్టూ ఎర్ర జెండాలు పాతారు. పెద్దింట్లమ్మ పండగ అనుకుంటోంది. ఒక జెండా పడిపోతే తానే నిలబెట్టింది.

నారు జానెడు దాటింది. పదిహేనో తేదీకి నాట్లు వేయాలంది.

ఆగస్టు 3

జకరయ్యకు చెప్పాను. మొదట ఆయనకే చెప్పగలిగాను, ఎందుకంటే ఆయన రోడ్డు వైపు చూస్తాడు, నా వైపు చూడడు.

"అది ఆ మొక్క కాదు జకరయ్య గారూ. గుంటగలగర."

"అదేందమ్మా! మా అమ్మ తలకి రాసుకునేది అదేగా. ఆ గట్టు మీద చూసి, నాకూ అట్టాగే అనిపించింది."

"మరి మీరెందుకు చెప్పలేదు?"

"నువ్వు చదువుకున్నదానివి తల ఊపితివి. బండి తోలేవాణ్ణి, మొక్కల ఇంటిపేర్లు నాకెందుకు అనుకున్నా."

ఉల్లిపాలెం రేవులో జీపు ఆపాడు. దిగేటప్పుడు ఆయన, "ముందు జీపుకి చెప్పి అలవాటు చేసుకోమ్మా. అది ఎదురు మాట్లాడదు," అన్నాడు.

ఆగస్టు 4

ఆఫీసు వెనుక జీపు ముందు నిలబడి చెప్పాను. "ఇది కాదండి." పదకొండుసార్లు. తొమ్మిదోసారి గొంతు బాగానే వచ్చింది. పదకొండోసారి వెనుక నుంచి దైవాధీనం గారు, "ఏది కాదు?" అన్నారు.

"హారన్ అండి. ఈ హారన్ కాదండి."

ఆయన జీపు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. సాయంత్రానికి కొత్త హారన్ కోసం గుడివాడకు ఉత్తరం వెళ్ళింది.

ఆగస్టు 7

దైవాధీనం గారు చేనులో మొక్కలు లెక్క తేల్చారు. చదరపు గజంలో లెక్కబెట్టి మిగతాది గుణించారు. ఎలుక కలుగులు లెక్కపెట్టే పద్ధతి అట. చివరి అంకె ముప్పై ఎనిమిది వేలు. మడిలో ఉన్న వరినారు కూడా అందులో కలిసింది.

"అది వరి అండి," అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. ఆయన వినలేదు.

పిచికారీ ఆ మూలనే మొదలుపెట్టాలట. మెరక కాబట్టి ఫోటో బాగా వస్తుంది.

ఆగస్టు 10

పెద్దింట్లమ్మకు చెప్పాను. ఆమె పాక ముందు కూర్చుని చేపల కడుపుల్లో ఉప్పు కూరుతోంది. బస్తాలు అయిదే మిగిలాయి.

మొదటి నుంచీ చెప్పాను. సర్క్యులరు, మరక, తెల్ల పూలు, ఇరవై మంది. ఈగ గురించి చెప్పలేదు. ఉప్పు చేపలకు కాదనీ, ఆమె పొలానికనీ చెప్పాను.

ఆమె చేతులు ఆగలేదు. చేప తిప్పింది, రెండో వైపు కూరింది.

"నువ్వు తలూపావా?"

"ఊపానండి మామ్మగారూ."

"సముద్రం ఎవరూ తలూపకుండానే వచ్చింది. నువ్వు తలూపి మరీ ఉప్పు తెప్పించావు. అంతేగా?"

"అంతేనండి."

"ఆ దైవాధీనానికి కళ్ళు లేవు సరే. నీకు నోరేమైంది?"

ఆ మాట నాకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ వింటున్నాను.

ఆమె చేప పక్కన పెట్టింది. తర్వాత నవ్వింది. ఏడుస్తుందనుకున్నాను, లేదా చేప పెట్టి కొడుతుందనుకున్నాను. రెండిటికీ సిద్ధపడే వెళ్ళాను, నవ్వుకు సిద్ధపడలేదు.

"నిలువునా ఊపిన తల నీదేగా? ఇప్పుడు అడ్డంగా ఊపు. మెడ ఒకటే, కొత్తది కొనక్కర్లా."

"అడ్డంగా ఊపితే సరిపోదండి. నోటితో చెప్పాలి."

"తెలుసుగా మరి," అంది. "పదమూడో తారీకు నేను మడి దగ్గరే నిలబడతా. నువ్వు చెప్తే చెప్తావు. చెప్పకపోతే ఆ నీళ్ళు నా మీద కొట్టుకుంటారు. నేనూ ఎండుచేపనే అవుతా."

ఇంకో గంప లాక్కుంది. నేనూ కూర్చుని నాలుగు చేపలకు ఉప్పు పట్టించాను. నావి బాగా రాలేదని మళ్ళీ చేసింది.

ఆగస్టు 12

రేపు.

ఆగస్టు 13

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉదయం తొమ్మిదికి టెంటు, కుర్చీలు, మైకు వచ్చాయి. లౌడ్ స్పీకరు తాటిచెట్టుకు కట్టారు. వేదిక అలంకరణకు గుడివాడ నుంచి ఆరు బంతిపూల కుండీలు వచ్చాయి. ముద్దబంతి, బాగా విచ్చుకున్నాయి.

ఉప్పు తీయడానికి పాకలోకి వెళ్ళిన దైవాధీనం గారు పరుగున బయటికి వచ్చారు.

"పన్నెండు బస్తాలు పెట్టించాను. ఒకటే ఉందేంటి?"

"వానకి కరిగినయ్ సార్," అన్నాడు జకరయ్య.

"పాకలో వానేంటయ్యా?"

"ఉప్పు కదయ్యా," అంది పెద్దింట్లమ్మ. "నీళ్ళ సరుకు. వచ్చిన చోటికే పోయుద్ది."

పాక గోడకు ఆనించి ఊరంతటికీ సరిపోయే ఎండుచేపలు ఆరుతున్నాయి. గాలి వేదిక వైపే వీస్తోంది. ఆయన ముక్కు మూసుకుని, "ఒక బస్తా చాలు. మడి మూల తడిస్తే చాలు, ఫోటోకి సరిపోతుంది," అన్నారు.

పదకొండుకు పెద్ద అధికారి వచ్చారు. సన్నగా, నెరిసిన జుట్టు, కళ్ళజోడు. దండ వేశారు. దైవాధీనం గారు మైకులో పావుగంట మాట్లాడారు. నడుమ రెండుసార్లు 'ఎలుక' అనేసి సవరించుకున్నారు. తర్వాత పిచికారీ డబ్బా వీపుకు తగిలించారు. పెద్ద అధికారి గొట్టం పట్టుకుని మడి వైపు నడిచారు. మడి ముందు పెద్దింట్లమ్మ నిలబడి ఉంది. చేతులు కట్టుకుని, నన్నే చూస్తోంది.

"ఇది కాదండి," అన్నాను.

ఎవరికీ వినిపించలేదు.

"ఇది కాదండి."

ఫోటోగ్రాఫరు మాత్రం, "కొంచెం పక్కకి జరగమ్మా," అన్నాడు. జరిగాను. జరిగిన చోట మైకు ఉంది.

"ఇది కాదండి."

తాటిచెట్టు మీద నుంచి నా గొంతు ఊరంతా పడింది. కొంగలు లేచాయి. అంత పెద్ద గొంతు నాదని నాకు తెలియదు. పెద్ద అధికారి ఆగారు.

దైవాధీనం గారు పరిగెత్తుకు వచ్చారు. "ఏది కాదు? హారనా?"

"మొక్కండి. ఇది ఆ మొక్క కాదండి. గుంటగలగర."

"మరి ఆ రోజు అవునన్నావుగా?"

"అనలేదండి. తల ఊపాను. తప్పు నాదేనండి."

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. 'తప్పు నాదేనండి' కూడా తాటిచెట్టు ఎక్కింది.

పెద్ద అధికారి గొట్టం దించి, కోపం లేకుండా, "ఎలా చెప్పగలవు?" అన్నారు. అదే ప్రశ్న బి.ఎస్సీ ప్రాక్టికల్స్‌లో అడిగేవారు. నోటితో చెప్పేదానికన్నా చేత్తో చూపించడం నాకు తేలిక. గట్టు మీది కాడ ఒకటి తుంచి, దైవాధీనం గారి చేతిలోని సర్క్యులరు వెనుక తెల్లటి వైపు దాన్ని గట్టిగా రాశాను. లేత ఆకుపచ్చ గీత పడింది.

"ఒక నిమిషం ఆగాలండి," అన్నాను.

అందరూ ఆగారు. నేను గీతను చూస్తున్నాను. తల ఎత్తేసరికి ముందు వరుసలో ఒకాయన తలగుడ్డ తీసేశాడు. పక్కవాళ్ళు తీశారు. కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. పెద్ద అధికారి అటూ ఇటూ చూసి, కళ్ళజోడు తీసి, తల వంచారు. పెద్దింట్లమ్మ చేతులు విప్పి కిందికి వదిలేసింది. ఉప్పెనలో పోయినవాళ్ళ కోసం నిమిషం మౌనం అనుకున్నారు. నేను కాదని చెప్పలేదు. చెప్పవలసిన పనీ లేదు. సముద్రం వినిపించింది.

గీత నల్లబడింది. మొదట నీలంగా, తర్వాత నల్లగా, సిరా లాగా.

"చూడండి. గుంటగలగర రసం ఇలా నల్లబడుతుంది. అందుకే జుట్టుకు వాడతారు."

పెద్ద అధికారి కళ్ళజోడు పెట్టుకుని చూశారు. వేలితో తాకి చూశారు. తర్వాత, ఎవరూ చూడటం లేదనుకుని, ఆ వేలు నెరిసిన కణత మీద రాసుకున్నారు.

"అయితే ఈ ఊళ్ళో అసలుది లేదన్నమాట."

"లేదండి."

దైవాధీనం గారి ముఖం చూడలేకపోయాను. అన్ని బస్తాలు, టెలిగ్రాం, ఫోటోగ్రాఫరు. ఆయన గొంతు తగ్గించి, "అమ్మాయ్, దీనికీ దానికీ అసలు సంబంధమే లేదా?" అన్నారు.

"ఉందండి. ఒకే కుటుంబం."

ఆయన తల ఎత్తారు. "కుటుంబమా? కుటుంబంలో ఇంకెవరన్నా ఉన్నారా ఇక్కడ? ఈమె పొలంలో కాకుండా?"

అబద్ధం చెప్పలేను. చుట్టూ చూశాను.

"బంతి ఉందండి."

అలా, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు, చప్పట్ల మధ్య, పెద్ద అధికారి వేదిక మీది ఆరు బంతి కుండీలకు ఉప్పునీళ్ళు పిచికారీ చేశారు. ఫోటో తీశారు. 'కుటుంబ సభ్యులపై తొలి దాడి' అని దైవాధీనం గారు మైకులో ప్రకటించారు. పువ్వులు వాడడానికి రెండు రోజులు పడుతుందని నేను చెప్పేలోపు ఆ ఊరి కోటయ్య గారి మేక వేదిక ఎక్కింది. దానికి ఉప్పంటే ప్రాణమట. ఒక్కో పువ్వూ నాకి, తర్వాత తిని, తర్వాత కాడలు వేర్లతో సహా తిని, చివరికి ఆరు కుండీల్లో మట్టి మిగిల్చింది.

దైవాధీనం గారు నివేదికలో రాశారు: నూటికి నూరు పాళ్ళు నిర్మూలన. వేర్లు లభ్యం కాలేదు.

'గుర్తించినవారు' అన్న చోట సంతకం పెట్టాను. పక్కన, చిన్న అక్షరాలతో, 'బంతి' అని రాశాను.

ఆగస్టు 14

ఉద్యోగం పోతుందని బట్టలు సర్దుకున్నాను. దైవాధీనం గారు పిలిచి, "ఈ కుటుంబంలో మొత్తం ఎంతమంది ఉంటారు?" అన్నారు.

"ప్రపంచంలోనా అండి? ఇరవై వేల జాతులండి."

ఆయన కళ్ళు మూసుకున్నారు. ఎలుకల్లో అన్ని లేవట. నా ఉద్యోగం మూడేళ్ళు పొడిగించమని రాశారు.

ఆగస్టు 16

పెద్దింట్లమ్మ నిన్న పంద్రాగస్టు నాడే నాట్లు మొదలుపెట్టింది. ఇవాళ వెళ్ళాను. గుంటగలగర దమ్ములో కలిసిపోయింది. గట్ల మీద మాత్రం అలాగే ఉంది, కోతకు ఉంచుకుంది. ఎర్ర జెండాలు పిట్టలను తోలడానికి ఉంచేసింది. అరెకరంలో సగం పచ్చగా నిలబడింది. మట్టి చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకుని, నాకూ పెట్టింది. చప్పగా ఉంది. మింగాను.

గట్టు మీద కూర్చున్నాం. జకరయ్య జీపులో కొత్త హారన్ కొట్టి చూసుకుంటున్నాడు.

"ఇంతకీ ఆ పరాయిది ఎట్టా ఉంటది తల్లీ? రేపు నా చేలో వచ్చిందనుకో, పీకెయ్యాలిగా."

చెప్పాను. ఆకు చీలికలు చీలికలుగా, మాచిపత్రిలా. కొమ్మకు అటొకటి, ఇటొకటి. నిటారుగా నడుమెత్తు. పువ్వు తెలుపు, అయిదు మూలలు. ఎక్కడా తడబడలేదు. ఆమె వేళ్ళ మీద ఒక్కోటీ లెక్కపెట్టుకుంది.

"బాగా గుర్తు పెట్టుకున్నావే. ఎక్కడ చూశావు?"

ఆమె ముంతలో నీళ్ళు తాగాను. పొద్దుపోతోందని లేచి వచ్చాను.

నేను ఇంతవరకు వయ్యారిభామ మొక్కను చూడలేదు.